నీటివెంట నగర సందర్శనము



మన పల్లెలనుండి హైదరాబాదునకు పోవువారు నేడు కొల్లలుగా నున్నారు. కొందరు వైద్యమునకు, కొందరు వ్యాజ్యములకు, కొందరు బిడ్డలను విమాన మెక్కించుటకు పోవుదురు. పని ముగిసినపిదప ఒకపూట మిగిలినచో "ఏదైన చూచిపోదము" అందురు. అంతట చార్మినారునకు పోయి, ఆడవారికి గాజులు కొని, తలయెత్తి నాలుగు మినార్లను చూచి, మరల బస్సెక్కుదురు. ఊరు చేరినతరువాత "ఏమి చూచితిరి?" అని యడిగినచో "అబ్బ, ఎంత జనము!" అనుమాట తప్ప వేరొకటి రాదు. ఈ చూపు చాలదని నా యభిప్రాయము. చెరువుకట్టమీద నిలిచి తూమెక్కడ, మత్తడి యెక్కడ, ఆయకట్టెంత యని కనిపెట్టు కన్ను మీకు కలదు. మహానగరమునుగూడ ఆ కన్నుతోనే చూడవచ్చునని చెప్పుటకే నేటి నా ప్రసంగము.

మనుష్యుడు నీరు చూచుకొని యూరు కట్టును. కృష్ణాతీరమున అమరావతియు, గోదావరీతీరమున రాజమహేంద్రవరమును అట్లే వెలసినవి. హైదరాబాదు చరిత్రము కొంచెము వింతయైనది. అది నీరు చాలక పుట్టినది. నీట మునిగి రూపు మార్చుకొన్నది. మరల దాహము తీరక నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమునకు చేయి చాచినది. ఈ మూడు సంగతులకును సాక్ష్యములు ఒక్క దినములో చూడదగినంత చేరువలో నున్నవి. పదవీ విరమణము చేసిన ఉపాధ్యాయులము మేమైదుగురము గత మాఘమాసమున ఒక గురువారము వానిని చూచి వచ్చితిమి.

మేము పోయినది నిజమునకు విహారముకొరకు గాదు. మాలో హిందీ పండితునిగా నుండిన మిత్రుని మనుమడు పై చదువులకై అమెరికాకు పోవుచుండెను. విమానము తెల్లవారుజామున 5 గంటలకు. పాలమూరునుండి రాత్రియే బయలుదేరి, బెంగుళూరు రహదారిమీదుగా జడ్చర్ల, షాద్‌నగరములను దాటి, రెండుగంటలకే శంషాబాదు విమానాశ్రయమునకు చేరితిమి. ప్రయాణపు టికెట్టును పాస్‌పోర్టును లేనివారిని లోనికి పోనీయరు గనుక వీడ్కోలు ద్వారముకడనే చెప్పవలెను. ఒక్కొక్క పెట్టె 23 కిలోలకు మించరాదట. ఊరగాయ సీసాను ఇంటివద్దనే మూడుమారులు తూచి సర్దిరి. బాలుడు మా యైదుగురి పాదములకును నమస్కరించి లోనికి పోయెను. మిత్రుడు అద్దపు గోడకు ముఖము చేర్చి, వాని తల కనబడునంతవరకు చూచుచుండెను. ఆ గోడవెంట మావంటి కుటుంబము లెన్నియో అట్లే నిలిచియుండెను. ఒక యూరినుండి మూడు జీపులనిండ జనము వచ్చిరి. పోవువాడు మాత్రము ఒక్కడే.

ఈ విమానాశ్రయము 2008వ సంవత్సరము మార్చి 23వ తేదీన రాకపోకలకు తెరువబడినది. అంతకుముందు విమానములు నగరమధ్యముననున్న బేగంపేటలో దిగుచుండెను. చుట్టును ఇండ్లు క్రమ్ముకొనుటచే అక్కడ పెంచుటకు తావు లేకపోయెను. అందుచే నగరమునకు దక్షిణమున ఇరువదినాలుగు కిలోమీటర్ల దూరమున సుమారు 5,500 ఎకరముల భూమిలో క్రొత్తది కట్టిరి. ప్రధానమగు రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అనగా మన లెక్కకు క్రోసునకు పైమాటయే. పెద్ద విమానము లేచుటకు తగిన వేగ మందుకొనవలెనన్న అంత దారి పరుగెత్తవలయును. ఎండకాలమున గాలి వేడెక్కి పలుచనగును గనుక ఇంకను ఎక్కువదూరము పరుగెత్తునట. మాలోని గణితపు మాస్టారు చేతిపుస్తకము తీసి, "కుటుంబమునకు అయిదేసి ఎకరములచొప్పున పంచినచో ఇది పదునొకండు వందల కాపురముల భూమి" అని లెక్కగట్టెను. మామిడిపల్లి, గొల్లపల్లి మొదలగు గ్రామముల ప్రక్కన విస్తరించిన నేల యిది. మా బండి నడుపు పిల్లవాడు శంషాబాదు మండలమువాడే. "మా తాత గీ దిక్కే మేకల మేపుతుండె సార్" అని యనెను.

శంషాబాదు అనుపేరు పైగా వంశపు ప్రభువులకు గల "శంసుల్ ఉమ్రా" అను బిరుదునుండి వచ్చినదని చెప్పుదురు. శంసు అనగా సూర్యుడు. తూర్పు తెల్లవారువేళ అక్కడ నుంటిమి గనుక ఆ యర్థము చెప్పుటకు నాకు సందర్భము దొరకినది. మా డ్రిల్లు మాస్టారు మాత్రము అర్థములు వినునంతటి ఓపిక గలవాడు కాడు. పండ్రెండు స్థలముల పట్టికయొకటి వ్రాసి తెచ్చి, గోలకొండయు, ముచ్చింతలలో 2022వ సంవత్సరమున ప్రతిష్ఠింపబడిన 216 అడుగుల రామానుజుల విగ్రహమును, జంతుశాలయు అన్నియు ఆనాడే చూడవలెనని పట్టుబట్టెను. పండ్రెండింటిని చూచుట యనగా పండ్రెండింటి ముందు బండి దిగి యెక్కుటయే యని నలుగురము వాదించి, నీటి త్రోవను ఆయనచే నొప్పించితిమి. గోలకొండకును ముచ్చింతలకును వేర్వేరు దినములు కావలెను.

మొదట నర్కూడ గ్రామముచెంతనున్న అమ్మపల్లికి పోయితిమి. అక్కడి సీతారామచంద్రస్వామి దేవాలయము 13వ శతాబ్దినాటిదని ప్రతీతి. ఏడంతస్తుల గోపురము పొలముల నడుమ దూరమునకే కనబడును. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు మకరతోరణముతో గూడ ఏకశిలలో మలచబడిరి. హనుమంతుడు వారి ప్రక్కన లేడు. ధ్వజస్తంభముకడ స్వామి కెదురుగా నిలిచియున్నాడు. నగరమునుండి సినిమావారు తరచుగా వచ్చి యిక్కడ చిత్రములు తీయుదురు గనుక ఈ గోపురమును మీలో చాలమంది తెరమీద చూచియే యుందురు. నాకు గోపురముకంటె కోనేరు నచ్చినది. నలువైపుల రాతిమెట్లు, చుట్టును మండపము. విమానము లిప్పుడు దీనిపైననే యెగురుచున్నను, ఊరివాననీటిని ఊరిలోనే నిలుపుకొను పాతకాలపు నేర్పునకు ఈ రాతిమెట్లు సాక్ష్యము.

అక్కడనుండి హిమాయతుసాగరమునకు చేరితిమి. ఈ స్థలమునకై నేను తక్కినవానికంటె నెక్కువ కాలము తీసికొందును, శ్రోతలు క్షమింపవలెను.

హైదరాబాదు నడుమ పారు మూసీనది వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో పుట్టి, వాడపల్లికడ కృష్ణలో కలియును. పౌరాణికులు దీనిని ముచుకుంద యందురు. కాలయవనుని చూపుతో భస్మము చేసిన ముచుకుందుని కథ మీ రెరిగినదే. ఈ నదికి ఈసీ యను ఉపనది శంషాబాదు వైపునుండి వచ్చి కలియును. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన ఈ రెండును ఒక్కమారుగా పొంగినవి. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కాలమది. నగరములో సుమారు 15,000 మంది మరణించిరని లెక్క. ఆపిదప రాజ్యమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, మరల నిట్టి విపత్తు రాకుండ ఉపాయము చెప్పుమనిరి.

ఆయన నగరమును మాత్రమే చూచి యూరకుండలేదు. నదివెంట ఎగువకు పోయి లెక్కలు తీయించెను. అక్కడ చదరపుమైలున కించుమించుగా ఒకటిచొప్పున ఏడువందలకు పైబడిన చిన్న చెరువు లుండెను. వానిలో రెండువందలకు మించి ఆ వానకు తెగినట్లు తేలినది. వానిలో నెక్కువభాగము ఈసీవైపువి. ఇది గ్రామవాసులమగు మనకు సులభముగా బోధపడు సంగతి. గొలుసుకట్టు చెరువులలో పైచెరువు కట్ట తెగినచో ఆ నీరంతయు క్రిందిచెరువుమీద పడును, అది తెగును, రెండింటి నీరు మూడవదానిమీద పడును. ఇట్లు వాన తెచ్చిన నీటికి కట్టలు తెగిన నీరు తోడై రాజధాని మునిగినది.

విశ్వేశ్వరయ్యగారు చూపిన యుపాయమేమనగా, మూసీమీద నొకటి, ఈసీమీద నొకటి నగరమునకు పైన పెద్ద జలాశయములను కట్టి, వరదను అక్కడ ఆపి, తలుపులద్వారా మెల్లగా విడుచుట. వరదను పట్టిన నీరే త్రాగుటకును పనికివచ్చును. మూసీమీది ఉస్మానుసాగరము, అనగా గండిపేట, 1920లోను, ఈసీమీది హిమాయతుసాగరము 1927లోను ముగిసినవి. రెండవదానికి ఏడవ నిజాము పెద్దకొడుకగు హిమాయత్ అలీఖాను పేరు పెట్టిరి. మా బాల్యమున గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదును విడువలేడని ఒక మాట వినబడుచుండెను. కట్టమీద నిలిచి చూచితిమి. నీరు నిశ్చలముగా నుండెను. తలుపులను చూచి మా డ్రిల్లు మాస్టారు, "ఇది మన చెరువు తూమే, కొంచెము పెద్దది" యనెను. ఆ దినమంతటిలో ఆయన పలికిన మంచిమాట అదియే.

ఈ రెండు జలాశయముల పూర్తి నీటిమట్టమునుండి 10 కిలోమీటర్లలోపల కాలుష్యము కలిగించు పరిశ్రమలు, పెద్ద కట్టడములు కూడదని 1996వ సంవత్సరము మార్చి 8వ తేదీన ప్రభుత్వము 111వ ఉత్తరువు నిచ్చినది. 84 గ్రామము లీ కట్టుబాటులోనికి వచ్చినవి; శంషాబాదు మండలపు గ్రామములు వానిలో నున్నవి. అంతకుముందే ఈ మండలమునందలి పెద్దషాపూరులో ఆముదమునకు సంబంధించిన కర్మాగార మొకటి పెట్టుటపై వివాదము పుట్టి సుప్రీంకోర్టువరకు పోయెను. కీడు కలుగునని రుజువు చేయు భారము నీరు త్రాగు ప్రజలది కాదు, కలుగదని రుజువు చేయు భారము కర్మాగారము పెట్టగోరువారిదే యని ఆ న్యాయస్థానము 1999లో చెప్పినది. 2000వ సంవత్సరమున కర్మాగారమునకు అనుమతి లేదని తేల్చినది. న్యాయపుస్తకములలో దేశమంతట చదువబడు ఈ తీర్పు మన ప్రక్కయూరి చెరువుమీదనుండి పుట్టినదని ఎందరికి తెలియును?

ఇక రైతుల మాటయు వినవలెను. గీత కావలి భూమి కోట్లు పలుకుచుండ, గీత కీవలి భూమిని అమ్మబోయిన కొనువాడు లేడు. నగరమువారి దాహమునకు మేమేల నష్టపడవలెనని వారడుగుదురు. 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఈ నిబంధనలను తొలగించుచు 69వ ఉత్తరువు వచ్చినది. నగరమునకు మంజీర, కృష్ణా, గోదావరీ జలములు గొట్టములలో వచ్చుచున్నవి గనుక ఈ జలాశయము లంతగా అక్కరలేదని కారణము చెప్పిరి. నా బుద్ధికి తోచునది వేరు. ఇవి దాహమునకు ముందు వరదకొరకు కట్టబడినవి. గోదావరినుండి గొట్టము వేసినంతమాత్రమున ఈసీకి వరద రాకుండునా? రైతునకు నష్టపరిహార మిచ్చు మార్గమును వెదకవలెను గాని, నీటి దారిని అమ్మరాదు.

పదిగంటలకు పురానాపూలునకు వచ్చితిమి. మూసీమీది ఈ రాతివంతెన 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించినది. ఈ ప్రభువును మన కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఈయనకే యంకితము చేసెను. ఆయన యధికారియగు అమీనుఖానునకు పొన్నెగంటి తెలగనార్యుడు యయాతిచరిత్ర నంకితమిచ్చెను. అచ్చతెనుగున వెలసిన మొదటి కావ్యమది. పారసీకము మాటలాడు కొలువులో అచ్చతెనుగు పుట్టుట విడ్డూరము గదా! వంతెనక్రింద మూసీని చూచిన ముక్కు మూసికొనవలసియుండెను. దానినిగూర్చి ఎక్కువ చెప్పను.

వంతెన దాటి వెనుకకు మరలి చార్మినారునకు పోయితిమి. ఇబ్రహీము కుమారుడగు మహమ్మద్ కులీ 1591లో దీనిని కట్టించెను. హిజరీశకమున సరిగా వేయి పూర్తియైన కాలమది. ఎందులకు కట్టించెను? మారి శాంతించుటచే నని కొందరు, భాగమతి యను నర్తకిపై ప్రేమచే నగరము వెలసెనని కొందరు చెప్పుదురు. భాగమతి యుండెనా లేదా యని పండితు లింకను వాదించుచునే యున్నారు. చరిత్రకారులు చెప్పు కారణము మాత్రము సామాన్యమైనది: గోలకొండ కోటలో జనము క్రిక్కిరిసెను, నీరు చాలదయ్యెను. దుర్గముచెరువునుండి మట్టిగొట్టములద్వారా నీరు తెచ్చి, చక్రములతో మెట్టుమెట్టుగా పైకెక్కించు నేర్పు కోటవారికి కలదు. అయినను కొండమీదికెక్కించు నీటి కొక మేర యుండును. అందుచే కోట విడిచి, మూసీకి దక్షిణమున సమతలమును చూచుకొని, మీర్ మోమిన్ అనువాని యాలోచనతో క్రొత్త నగరమును గీసిరి. నాలుగుదారుల కూడలి చార్మినారు. దానికి ఉత్తరమున నాలుగు కమానుల నడుమ గుల్జారుహౌజు అను జలయంత్రము నేటికిని కలదు. చార్మినారు క్రిందను ఒక చిన్న నీటితొట్టి కలదు. గాజులు కొనుటకు పోవువారు ఈ రెంటిని తప్పక చూడవలెను. పైకి మెట్లు ఇరుకు, ఎత్తు. మోకాళ్ల నొప్పి గలవారు క్రిందనే యుండుట మేలు. మాలో నిద్ద రెక్కిరి. నేను తొట్టిప్రక్కన నిలిచితిని.

పండ్రెండు కొట్టకముందే సాలారుజంగు మ్యూజియము చేరవలెనని మేము త్వరపడితిమి. ఇది మూసీ దక్షిణపుటొడ్డున నున్నది. 1951లో మొదట దివాన్ దేవడిలో తెరువబడి, 1968లో ఇచ్చటికి మారినది. శుక్రవారము సెలవు, జ్ఞాపకముంచుకొనుడు. ఇక్కడి గడియారములో గంటగంటకు ఒక చిన్న బొమ్మ తలుపు తీసికొని వచ్చి గంట కొట్టిపోవును. మధ్యాహ్నము పండ్రెండుమారులు కొట్టును గనుక ఆ వేళకు జనము బల్లలమీద బారులుతీరి కూర్చుందురు. మా గణితపు మాస్టారు పండ్రెండును వ్రేళ్లమీద లెక్కించెను. ముసుగు వేసికొన్న రెబెక్కా విగ్రహమును ఇటలీ శిల్పి బెన్జోనీ పాలరాతిలో చెక్కినాడు. దానిని 1876లో మొదటి సాలారుజంగు రోమునగరమున కొనెను. ముసుగును ముఖమును ఒకే రాయియైనను, పలుచని వస్త్రములోనుండి ముఖము కనబడునట్లే యుండును. ఈ రెబెక్కా యెవరని హిందీ పండితుడు అడిగెను. క్రైస్తవుల పూర్వవేదములో, బావికడకు కడవతో వచ్చి, దూరమునుండి వచ్చిన సేవకునకును వాని ఒంటెలకును నీరు తోడి పోసిన కన్య యామె. "ఇక్కడను నీటి కథయేనా!" యని ఆయన ఉదయమునుండి మొదటిసారి నవ్వెను.

భోజనానంతరము వంతెన దాటి అఫ్జల్‌గంజులోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములోనికి పోయితిమి. ఇక్కడ నొక చింతచెట్టు కలదు. 1908 వరదలో సుమారు 150 మంది దీని కొమ్మల నెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. గోడలు కూలిన నగరములో చెట్టు నిలిచెను. నగరమున మేము చూచినవానిలో నన్ను ఎక్కువసేపు నిలిపినది చార్మినారు కాదు, ఈ చెట్టు. దీనిని చూచుటకు టికెట్టు లేదు. రోగుల బంధువులు దాని నీడను అన్నము తినుచుండిరి.

సాయంకాలము సుల్తానుబజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును దర్శించితిమి. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగార్లు పూనుకొని స్థాపించిన పుస్తకశాల యిది. నిజాము రాజ్యమున తెలుగున కాదరణము కొరవడిన కాలమున తెలుగు చదువరులకు ఇదియొక చలిపందిలి. నాకు చదువు చెప్పిన గురువుగారు ఈ పేరు చెప్పునప్పుడు చేతులు జోడించుచుండిరి.

తిరుగుదారిలో ఆరాంఘరు దాటి గగన్‌పహాడుకడ చీకటిపడెను. అక్కడ మా బండివాడు వేగము తగ్గించి, ప్రక్కత్రోవన నిలిపెను. 2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన కుంభవృష్టికి ఇక్కడి అప్పచెరువు కట్ట తెగి, బెంగుళూరు రహదారి కోసుకొనిపోయినది, వాహనములు కొట్టుకొనిపోయినవి, మనుష్యులు మరణించిరి. విశ్వేశ్వరయ్యగారు లెక్కించిన తెగిన చెరువులకు నూటపండ్రెండేండ్ల తరువాత ఇంకొకటి చేరినది. "చెరువు శిఖంల ఇండ్లు లేస్తే నీళ్లు ఏడికి పోతయి సార్?" అని ఆ పిల్లవాడనెను. గణితపు మాస్టారు బండి దిగి, మత్తడినీరు రహదారిని ఎక్కడ దాటునని యడిగెను. వాడు చీకటిలో నొక మోరీని చూపెను. మాస్టారు దాని వెడల్పును అడుగులతో కొలిచి చేతిపుస్తకమున వ్రాసికొని, మా యూరి చెరువు మత్తడిక్రింద గత సంవత్సరము వేసిన బాటమోరీ కొలత యెంతో సర్పంచిని కనుగొనవలెనని నాతో చెప్పెను. మరునాడు ఉదయము మేమిద్దరము పోయి కొలిచితిమి.